అక్కచెల్లెళ్ళ ప్లీడరు

మా బావమరిది మంత్రి అయ్యాడన్న కబురు అందినప్పుడు నేను మొలలోతు నీళ్ళలో నిలబడి జనపనార ఒలుస్తున్నాను. పక్కింటివాడు గట్టు మీద నుంచి కేకేశాడు.

"హాతెమ్ అన్నా, పైకి రా! నీ బామ్మర్ది మంత్రి అయ్యాడు. టీవీలో చెప్పారు."

"ఈ కట్ట అయ్యాక వస్తా," అన్నాను.

"మంత్రిగారి బావవి, ఇంకా ఈ కుళ్ళునీళ్ళలో ఏంటి?"

"వాడు మంత్రి అయితే నార దానంతటదే ఊడొస్తుందా?"

ఆ సాయంత్రం నుంచే టీకొట్టువాడు నా కప్పులో డబ్బాపాలు ఇంకో చెంచా ఎక్కువ పోయడం మొదలుపెట్టాడు. నాకు తీపి పడదు. చెప్పాలని అనుకుంటూనే తాగాను. ఎదుటివాడి సంబరం పాడుచెయ్యడం ఎందుకని.

గోడల మీద పోస్టర్లలో అతని పేరు అడ్వొకేట్ మొజహరుల్ హక్ మృధా. మాకు టుకు. నా భార్య కొహినూర్‌కి ఒక్కగానొక్క తమ్ముడు. బరిశాల్‌లో లా చదివి, అక్కడి జిల్లా కోర్టులోనే నల్లకోటు వేశాడు. మొదట్లో కేసులు లేవు. బార్ లైబ్రరీ రేకుల వరండాలో కూర్చుని పల్లీలు ఒలుచుకు తినేవాడు. ఒకరోజు జయ్‌తున్ అని ఒకామె వచ్చింది. భర్త పోయాడు, అన్నలు తండ్రి పొలంలో ఆమె వాటా ఇవ్వడంలేదు. పెద్ద ప్లీడర్లు ఆమెను తలుపు దగ్గర నుంచే పంపేశారు. టుకుకి వేరే పని లేదు కాబట్టి తీసుకున్నాడు.

మా వైపు ఆడపిల్లకు తండ్రి ఆస్తిలో వాటా చట్టం ఇచ్చింది, మతమూ ఇచ్చింది. ఇవ్వనిది నలుగురి నోళ్ళు. వాటా అడిగి తీసుకున్న ఆడపిల్లకు ఇక పుట్టింటి గడప ఉండదు. వదులుకున్నామెకు మాత్రం ఏటా జ్యేష్ఠంలో, పనసపళ్ళు మగ్గే వేళకి, అన్నదమ్ములు పుట్టింటికి తీసుకెళ్ళడానికి పడవ పంపుతారు. దాన్ని నాయొర్ అంటాం. పడవ వచ్చిందంటే ఆమెకు వెనకాల ఒక ఇల్లు ఉందని ఊరంతటికీ తెలుస్తుంది. అత్త కూడా ఆ నెల గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

జయ్‌తున్ అన్నలు కోర్టులో, మా చెల్లెలు తన నోటితోనే వాటా వదులుకుంది అన్నారు. టుకు లేచి, "ఆమె వదులుకుంది మీ ఇంటి దారి కోసం. మొగుడు పోయాక ఆమె కోసం పడవ పంపారా?" అని అడిగాడు. పంపలేదు. "దారి మూసినవాడికి భూమి ఎలా మిగులుతుంది?" అన్నాడు. జడ్జీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారట. ఆయన అక్కను ఆయన పిలిచి ఎన్నేళ్ళయిందో మరి.

ఆ కేసు గెలిచాక టుకు పేరు అక్కచెల్లెళ్ళ ప్లీడరు అయిపోయింది. వాళ్ళు కోళ్ళు, సొరకాయలు, చిరుతిళ్ళు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళు. కాలవ గట్టు మీద అతని సైకిలు కనిపిస్తే అన్నదమ్ములు ఇళ్ళలో దూరేవాళ్ళు. ఎన్నికల్లో నిలబడ్డప్పుడు మగవాళ్ళు ఒక గుర్తుకూ ఆడవాళ్ళు ఇంకో గుర్తుకూ వేశారు. ఆడవాళ్ళు ఎక్కువమంది వచ్చారు. అలా గెలిచాడు. రెండోసారి గెలిచాక భూమి శాఖ ఇచ్చారు.

కొహినూర్ తన వాటా అడగలేదు. మా మామగారు పోయినప్పుడు ఆమె ఆ మాటే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అల్లుడు ఎత్తితే ఆశపోతు అంటారు. టుకు మాత్రం ఏటా పడవ పంపేవాడు. కొన్నేళ్ళు తనే వచ్చేవాడు, ముందు కొసన కూర్చుని మోకాళ్ళ మీద కేసు కట్టలు పెట్టుకుని. "బావా, నీ భార్యను జప్తు చేసుకుని వెళ్తున్నాను. అభ్యంతరం ఉంటే అప్పీలు చేసుకో," అనేవాడు. "అప్పీలు లేదు. అన్నం ఎవరు వండుతారో అది చెప్పి వెళ్ళు," అనేవాణ్ణి.

మంత్రి అయిన తర్వాతి జ్యేష్ఠంలో పడవ రాలేదు. ఆ నెలలోనే ఢాకాలో బడ్జెట్టు సమావేశాలు. పడవకు బదులు జీపు వచ్చింది. అందులోంచి ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు దిగి చీరలు, మిఠాయి డబ్బాలు, ఒక అట్టపెట్టె నిండా ఆపిల్ పళ్ళు దించాడు.

"మంత్రిగారు అక్కగారికి పంపారు."

"పడవ ఏది?" అంది కొహినూర్.

ఆ అబ్బాయి నా వైపు చూశాడు. నేను ఆవు వైపు చూశాను. వారం తర్వాత ఢాకా నుంచి ఫోను. "మంత్రిగారు అడగమన్నారండీ. పడవ ఏ సైజుది కావాలి? ఇంజనుదా, మామూలుదా?"

ఆపిల్ పళ్ళు ఆవు తింది.

మరుసటి ఏడు ఫ్రిజ్ వచ్చింది. మా ఊళ్ళో కరెంటు చుట్టంలాగ వచ్చిపోతూ ఉంటుంది. కొహినూర్ అందులో మరమరాలు పోసింది. ఎలకలు పట్టవు, మెత్తబడవు. మంచి పెట్టె.

ఆ ఏడే కాజిర్‌చర్ నుంచి ఇంకో సంగతి తెలిసింది. అది ఆమె పుట్టినూరు. ఖాళీగా ఉన్న మృధాల ఇంటికి పార్టీ ఆఫీసు బోర్డు కట్టారని, కొహినూర్ గదిలో మైకు గొట్టాలు, చుట్టిన పోస్టర్లు కప్పుదాకా పేర్చారని. కట్టించినవాడు అక్కడి పార్టీ పెద్ద జబ్బార్ షిక్దార్. ఆమె వింటూ చేపల పొలుసు గీస్తూ ఉంది. పొలుసు అయిపోయాక కూడా గీస్తూనే ఉంది.

"వింటున్నారా," అంది చివరికి. "నా వాటా తీసుకుంటాను."

"ఆలోచించావా?"

"పిలిచేవాడుంటే వాటా వాడిది. పిలవకపోతే నాది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?"

"టుకుకి ఒకసారి ఫోను చెయ్యి."

"ఫోను ఆ చొక్కా అబ్బాయి ఎత్తుతాడు. వాటా ఏ సైజుది కావాలి అంటాడు."

చలికాలంలో మంత్రిగారు సొంత ఊరు వస్తున్నారని కబురు వచ్చింది. జబ్బార్ కాలవ దగ్గర నుంచి ఇంటిదాకా అరటిబోదెలతో, రంగుగుడ్డలతో ద్వారాలు కట్టించాడు. ప్రతి ద్వారం మీదా మంత్రి బొమ్మ చిన్నది, జబ్బార్ బొమ్మ పెద్దది. శుక్రవారం నమాజు అయ్యాక టుకు తండ్రి ఇంటి వాకిట్లో కుర్చీ వేసుకుని అర్జీలు వింటున్నాడు. ఆడవాళ్ళు ఒకవైపు చాపల మీద బారుగా కూర్చున్నారు. మా పడవలో నాతో వచ్చిన కొహినూర్ వెళ్ళి ఆ బారు చివర కూర్చుంది.

జబ్బార్ పరుగెత్తుకొచ్చాడు. "అక్కగారూ! మీరు ఇక్కడ కూర్చోవడం ఏంటి? లోపలికి రండి."

"లోపల ఎక్కడ? నా గదిలో మైకులు కూర్చున్నాయి కదా."

టుకు కూడా చూశాడు. కుర్చీలోంచే చెయ్యి ఊపాడు. "అక్కా, లోపలికి పద, వస్తున్నా."

"నా వంతు రాలేదు," అంది.

అతను నవ్వి, ముందున్నామె అర్జీ అందుకున్నాడు. ఒళ్ళు చేశాడు. తెల్ల లాల్చీ మీద నల్ల కోటు బొత్తాం పట్టడం లేదు. కొహినూర్ జరుగుతూ జరుగుతూ కుర్చీ ముందుకొచ్చింది. నేను వక్కచెట్టుకు ఆనుకుని చూస్తున్నాను.

"ప్లీడరుగారూ, నాదో గొడవ."

"చెప్పమ్మా," అన్నాడు టుకు, ఆటకు దిగినట్టు.

"నా తమ్ముడు నా వాటా ఇవ్వలేదు."

"అట్లాగా! తమ్ముడు ఏం చేస్తుంటాడు?"

"ఢాకాలో ఏదో ఉద్యోగం. ఎవరి జాగాలో ఎవరున్నారో చూసే ఉద్యోగమట."

ఆడవాళ్ళు ముందు నవ్వారు. మగవాళ్ళు జబ్బార్ మొహం చూసి, నవ్వొచ్చో లేదో తెలియక దగ్గారు.

"పొలం ఇవ్వకపోతే మరి పుట్టింటికి పిలుస్తున్నాడా?" ఇది కోర్టులో అతనికి అలవాటైన ప్రశ్న. నోరు దానంతటదే అడిగేసింది. అడిగాక మొహం మారింది.

"లేదు. దారి మూసేశాడు. దారి మూసినవాడికి భూమి ఎలా మిగులుతుందని మీరే అన్నారట కదా."

"అన్నారు, అన్నారు!" అని చాపల మీద నుంచి ఇద్దరు ముగ్గురు అరిచారు.

టుకు నా వైపు చూశాడు. నేను వక్కచెట్టు పైకి చూశాను. అప్పుడతను లేచాడు. కోర్టు గొంతు తెచ్చుకున్నాడు. "ఇన్నేళ్ళూ అందరి అక్కచెల్లెళ్ళ కోసం వాదించాను. నా అక్క అడిగితే ఎదురు వాదిస్తానా? ఇవాళే ఇస్తున్నాను. వాటా ఒక్కటే కాదు, పొలమంతా ఆమెదే!"

చప్పట్లు. జబ్బార్ జిందాబాద్ అందుకున్నాడు. ఎవరో ఫొటోలు తీశారు. ఆ సందడిలో నేను కొహినూర్ మొహం చూశాను. తలుపు తట్టినవాళ్ళకు తలుపు తియ్యకుండా కిటికీలోంచి భిక్ష పడేస్తే ఎలా ఉంటుందో, అలా ఉంది.

"వాటా చాలు," అంది. "మిగతాది నువ్వే ఉంచుకో." లేచి పడవ వైపు నడిచింది.

టుకు జనంలోంచి తోసుకుని నా దగ్గరికొచ్చాడు. "బావా, అక్క సంతోషపడిందా?"

"భోజనానికి ఉంటావా?"

"ఎక్కడ బావా, సాయంత్రం లాంచీ అందుకోవాలి."

"మరి నన్నెందుకు అడుగుతావు?" అని నేనూ పడవ ఎక్కాను.

దారిలో సగం దూరం వచ్చాక ఆమె అంది. "ఇచ్చేశాడు, చూశారా."

"నువ్వడిగింది అదే కదా."

"అడిగాను. ఇస్తాడనుకోలేదు. పోట్లాడతాడనుకున్నా. సిగ్గులేదా అక్కా, నలుగురిలో పరువు తీస్తావా, జ్యేష్ఠం రానీ నేనే వచ్చి తీసుకెళ్తా అంటాడనుకున్నా." నీళ్ళలో చెయ్యి ముంచి మొహం కడుక్కుంది. "ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. బరువు దిగిపోయినట్టు ఇచ్చేశాడు."

నేను తెడ్డు వేశాను. 

భూమి మంత్రి అక్క పొలం కాబట్టి సర్వేయరును రెండోసారి పిలవక్కర్లేకపోయింది. మనుషులతో, గొలుసుతో, గొడుగుతో దిగాడు. కాజిర్‌చర్‌లో చేలు కొలిచి, తమ్ముడికి రెండు, అక్కకు ఒకటి లెక్కన మూడింట ఒక వంతుకు కొయ్యలు పాతించి, చేతులు దులుపుకున్నాడు.

"ఇంటి జాగా?" అంది కొహినూర్.

"ఇంటి జాగా కూడానా అమ్మా?"

"చట్టంలో ఇంటి జాగాకు వాటా లేదా?"

"ఉంది..."

"మరి కొలవండి."

సర్వేయరు భయపడి ఢాకాకి ఫోను చేశాడు. చాలాసేపటికి టుకు దొరికాడు. సర్వేయరు ఫోను అందరికీ వినపడేట్టు పెట్టాడు, రేపు తన మీదకి రాకుండా. "అక్క ఎటు వైపు చూపిస్తే అటు వైపు," అని, వెనకాల ఎవరితోనో మాట్లాడుతూ పెట్టేశాడు.

ఆమె తూర్పువైపు చూపించింది. తన గది, వరండా, వంటిల్లు, చెరువు మెట్లు, మామిడిచెట్టు. గొలుసు సరిగ్గా పార్టీ బోర్డు కింద నుంచి పోయింది. జబ్బార్ గుండె చేత్తో పట్టుకున్నాడు.

"అక్కగారూ, ఇది పార్టీ ఆఫీసు!"

"పార్టీ మా నాన్నకు పుట్టిందా?"

"అది కాదు అక్కగారూ, పైవాళ్ళకు ఏం చెప్పాలి?"

"వాటా ఉందనుకుంటే కోర్టుకు వెళ్ళమను. మంచి ప్లీడరున్నాడు, అడ్రసు ఇస్తాను."

మైకు గొట్టాలు పశువుల కొట్టంలోకి పోయాయి.

జ్యేష్ఠం వచ్చింది. కొహినూర్ మూట కట్టుకుంది. మా పడవే, నేనే నడిపాను. కాలవ పొడుగునా రేవుల్లో గిన్నెలు తోముతున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. వాటా తీసుకున్నామె పుట్టింటికి వెళ్ళడం వాళ్ళు ఎన్నడూ చూడలేదు.

"ఎవరు పిలిచారే కొహినూర్?" అని ఒక ముసలామె అరిచింది.

"నన్ను నేనే పిలుచుకున్నా పిన్నీ!"

ఇల్లు తుడిచింది. పోస్టర్ల జిగురు గోకింది. పొయ్యి అలికింది. రెండు రోజులు గడిచాక వరండాలో పనసకాయ ముందు పెట్టుకుని, కొయ్యకుండా కూర్చుంది.

"ఏం?" అన్నాను.

"ఇది ఇల్లయింది. పుట్టిల్లు కాలేదు. మెట్లు నావే, గది నాదే, ఊడ్చేదీ నేనే. అక్కడ మీ ఇంట్లో చేసేదే ఇక్కడా చేస్తున్నా." వేలితో పనసకాయను తట్టి చూసింది. "టుకు శుక్రవారం పొద్దున లాంచీలో బరిశాల్ వస్తున్నాడట, ఏదో మీటింగు. మీరు పడవ తీసుకెళ్ళండి."

"ఏమని చెప్పను?"

"అక్క నాయొర్‌కి పిలిచిందని."

"నాయొర్ ఆడపిల్లలకు కదా."

"ఆడపిల్లలకని ఎవరన్నారు? వాటా వదులుకున్నవాళ్ళకు. వాటా ఉంచుకున్నవాళ్ళు పిలవాలి, వదులుకున్నవాళ్ళు రావాలి. ఇంటి తూర్పంతా వాడు వదులుకున్నాడు. ఇప్పుడు పిలవకపోతే తప్పు నాది."

ఇంతమంది ప్లీడర్లున్న కుటుంబంలో నేను వాదించే రకం కాదు. పడవకు వెదురు చాప పందిరి కట్టాను. ఆమె తన చేత్తో కుట్టిన బొంత లోపల పరిచి, దిండు పెట్టింది. కొత్తకోడలికి పెట్టినట్టు.

బరిశాల్ రేవులో జెండా కట్టిన కారు, పోలీసులు, దండల జనం. ఒక పోలీసాయన నా తెడ్డు చూసి, "ముసలాయనా, పడవ అవతలకి తీయ్, మంత్రిగారు దిగుతున్నారు," అన్నాడు.

"ఆయన కోసమే," అన్నాను.

"ఆయనకు కారుంది."

"చూశాను."

టుకు లాంచీ పలక మీద నుంచి దిగుతూ దండల సందులోంచి నన్ను చూశాడు. "బావా! నువ్వేంటి ఇక్కడ? అక్కకు ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నీకు పడవ పంపింది. నాయొర్‌కి రమ్మంది."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. "నాకు నాయొరా!"

"వాటా వదులుకున్నవాడివి నువ్వట. పిలవకపోతే తప్పు తనదట."

నవ్వు సగంలో ఆగింది. అతను నీళ్ళలోకి చూశాడు, పందిరి కింద బొంత మీదికి. "బావా, ఇవాళ మీటింగు ఉంది. ఆ తర్వాత బడ్జెట్టు... వచ్చే నెల తప్పకుండా..." అని, అన్న మాట తనే వింటున్నట్టు ఆగాడు. కోర్టులో ఇలాంటి అన్నదమ్ములను ఎంతమందిని నిలబెట్టాడో. నేను తాడు చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

దండలు తీసి పక్కవాడి చేతిలో పెట్టాడు. "మీటింగు రేపు సాయంత్రానికి మార్చండి."

"సార్, అందరూ వచ్చేశారు. ఏమని చెప్పమంటారు?" అన్నాడు ఇస్త్రీ చొక్కా అబ్బాయి.

"పుట్టింటికి వెళ్ళానని చెప్పు."

పడవ ఎక్కుతుంటే ఒకవైపు బాగా ఒరిగింది. "ఒళ్ళు పెంచావు. బడ్జెట్టంతా ఇక్కడే పెట్టావా?" అన్నాను. "నువ్వేం నడుపుతావు బావా, ముసలివైపోయావు, ఇవ్వు ఆ తెడ్డు," అని లాక్కుని కొంచెం దూరం వేసి, ఆయాసపడి తిరిగిచ్చాడు. వెంట వచ్చిన కానిస్టేబులు బూట్లు విప్పి తుపాకీ ఒళ్ళో పెట్టుకుని కొసన కూర్చున్నాడు. టుకు బొంత మీద వాలి, కాలవ మొదటి వంపు దాటకముందే నిద్రపోయాడు. జేబులో ఫోను మోగి మోగి అలిసిపోయింది.

మెట్ల మీద కొహినూర్ నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది. "ఇదా రావడం? అన్నం ఆరిపోయింది. ఆ కోటు ఏంటి, ఊపిరి ఆడుతోందా?"

ఇలస చేప పులుసు, ఆవ పెట్టిన కూర, పనసతొనలు, పాలు. వరండాలో తమ్ముడి ముందు వేసిన చాప మీద ఆమె విసనకర్ర పట్టుకుని కూర్చుంది. నేనూ కానిస్టేబులూ తిని, పడవ దగ్గరికి వచ్చాం. నీళ్ళు తోడాలి.

కాసేపటికి వరండాలో గొంతులు లేచాయి.

"మెట్లు నీకే, వంటిల్లు నీకే, మామిడిచెట్టూ నీకే! నాకేం మిగిల్చావక్కా, పశువుల కొట్టమా?"

"ఎటు చూపిస్తే అటు అన్నది ఎవరు? ఫోనులో ఊరంతా విన్నది."

"మంచి వైపంతా కొట్టేస్తావనుకున్నానా? ఆ చెట్టు నాన్న నా పేరున నాటాడు."

"నీ పేరున నాటితే నీళ్ళు పోసింది ఎవరు?"

"నేను కోర్టుకు వెళ్తాను!"

"వెళ్ళు! అక్క మీద కేసు వెయ్యి. ఏ ప్లీడరు వస్తాడో చూస్తా!"

ఒక కంచం కిందపడ్డ చప్పుడైంది. కానిస్టేబులు గబుక్కున లేచి తుపాకీ అందుకున్నాడు. "గొడవలా ఉందండీ. వెళ్ళాలా?"

"వద్దు, కూర్చో. బాగానే ఉంది," అన్నాను.

కొహినూర్ గొంతు అంత పెద్దగా విని చాలా కాలమైంది. నేను ముంత తీసుకుని పడవలో నీళ్ళు తోడాను.